‘సొంత పాట’ అనే కొలమానం

ఏ కొరియా గాయక బృందం పేరు వినబడినా అది కర్మాగారంలో పోతపోసిన సరుకనీ, తన పాట తానే రాసుకొని తన వాద్యం తానే వాయించుకునేవాడే అసలైన కళాకారుడనీ తీర్పు చెప్పేయడం ఈ మధ్య సంగీత విమర్శలో ఫ్యాషనైపోయింది. పాట వినకముందే దాని పుట్టుక అడిగే ఈ అలవాటు విమర్శ కాదు, పంక్తిలో కూర్చోబెట్టే ముందు కులం అడగడం వంటిది.

ఈ అలవాటుకు బలైనవారిలో ముందు చెప్పుకోవలసింది 1966లో అమెరికా టెలివిజన్ ధారావాహిక కోసం కూర్చిన మంకీస్ బృందాన్ని. పత్రికలో ప్రకటన ఇచ్చి, నలుగురు యువకులను ఎంపిక చేసి, పాటలు బయటివారితో రాయించి, వాద్యాలను సెషన్ కళాకారులకు, అంటే ఏ బృందానికీ చెందక స్టూడియోకు వచ్చి కూలికి వాయించి వెళ్లే నిపుణులకు, అప్పగించారన్నది వారిపై నేరారోపణ. సరిగ్గా అంతకు ముందు ఏడాది బర్డ్స్ పేరుతో వెలువడి అమెరికాలో మొదటి స్థానానికి చేరిన ‘మిస్టర్ టాంబరిన్ మ్యాన్’ రికార్డులో ఆ బృందంలోని ఐదుగురిలో వాద్యం ముట్టినది రోజర్ మెగ్విన్ ఒక్కడే. మిగిలిన వాయింపంతా లాస్ ఏంజెలిస్ సెషన్ కళాకారులది, పాట బాబ్ డిలన్‌ది. అయినా బర్డ్స్‌కు 1991లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పీట వేసిన పెద్దలు మంకీస్‌ను గుమ్మంలోనే నిలబెట్టారు. పైగా ఆ నలుగురూ తమ సంగీత పర్యవేక్షకుడు డాన్ కిర్ష్‌నర్‌పై తిరగబడి, 1967లో ‘హెడ్‌క్వార్టర్స్’ ఆల్బమ్‌ను చాలావరకు తామే వాయించి మొదటి స్థానానికి చేర్చినా నింద చెరగలేదంటే, కొలమానం సంగీతానిది కాదని తేలిపోవడం లేదా?

కర్మాగారమన్న మాటనే తిట్టుగా వాడేవారు డెట్రాయిట్ వైపు చూడరు. కారు కర్మాగారంలో పనిచేసిన బెర్రీ గోర్డీ 1959లో కుటుంబం నుంచి అప్పు తెచ్చిన 800 డాలర్లతో మోటౌన్ సంస్థకు పునాది వేసి, పాటల రచయితలను, నడక నేర్పేవారిని, నాట్యం నేర్పేవారిని ఒకే కప్పు కిందికి చేర్చాడు. విడుదలకు ముందు ప్రతి పాటా నాణ్యతా పరీక్ష సమావేశంలో నెగ్గవలసిందే. ఆ పద్ధతిలోనే సుప్రీమ్స్ పాటలు పన్నెండు అమెరికాలో అగ్రస్థానం అందుకున్నాయి. వాటిని సరుకని తోసిపుచ్చగల చెవి చెవే కాదు.

తెలుగు శ్రోతకు ఈ వాదమే వింతగా తోచాలి. ఒకరు రాసి, ఒకరు బాణీ కట్టి, ఘంటసాల పాడగా తెరపై రామారావు పెదవి కదిపితే ఎవరూ మోసపోలేదు, ఎందుకంటే ఆ పేర్లు సినిమా టైటిళ్లలోనూ రేడియోలోనూ బాహాటంగా వినబడేవి. వెనుక వయొలిన్ వాయించినవారి పేర్లు మాత్రం అక్కడా వినబడలేదు. ఆ అన్యాయంపై ఆగ్రహించిన విమర్శకులు ఎందరు?

కొరియా బృందాల విషయంలో శిక్షణ పేరిట యువతీయువకులను పీడించడం నిజమే, దానికి శ్రామిక చట్టాలు కావాలి. అది పాట విలువను తేల్చదు. 1990లో మిల్లీ వనిల్లీ జంట నుంచి గ్రామీ పురస్కారాన్ని వెనక్కి తీసుకున్నది వారిని ఒక నిర్మాత కూర్చినందుకు కాదు, పాడినవారిని దాచినందుకు.

దాచడమే దోషం. విమర్శ అడగవలసింది పాట సొంతమా కాదా అని కాదు; ఎవరెవరి చేతులు పడ్డాయి, వారి పేర్లు అట్టమీద ఉన్నాయా, వారికి వాటా అందిందా అని. మోటౌన్ పాటలకు వాయించిన ఫంక్ బ్రదర్స్ వాద్యబృందానికి ఆల్బమ్ అట్టపై పేర్లు దక్కింది 1971లో, మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’తో. వారిలో ఒకే వేలితో బేస్ గిటార్ మీటి ఆ పాటలకు నడక ఇచ్చిన జేమ్స్ జేమర్సన్ 1983లో మరణించాడు. హాల్ ఆఫ్ ఫేమ్ ఆయనను గుర్తించినది 2000లో.