తడిసింది వానకా, చెమటకా?

జూన్ వచ్చిందంటే దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్‌ల మీద రెయిన్‌కోట్లు వేలాడతాయి. మా అక్క కొడుకు కిందటేడు అక్కడే ఒకటి కొన్నాడు. తొలివానలో బండి మీద ఎల్బీనగర్ చేరేసరికి చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ‘మోసపోయాను పిన్నీ’ అన్నాడు. చూస్తే వీపు, చంకలు ఒకేలా తడిగా ఉన్నాయి. కుట్ల వెంట తడిచారలు మాత్రం లేవు. అంటే అది లోపలికొచ్చిన వాన కాదు, బయటికి పోలేని చెమట!

చన్నీటి సముద్రాల్లో దిగే స్కూబా డైవర్లకూ ఇదే చిక్కు. వాళ్ల డ్రైసూట్లలో ఒక రకానికి రెండు నైలాన్ పొరల మధ్య బ్యూటైల్ రబ్బరు ఉంటుంది. నీటిని రానివ్వదు, చెమటనూ పోనివ్వదు. 1823లో చార్లెస్ మకింతోష్ రెండు బట్టల మధ్య రబ్బరు పెట్టి పేటెంట్ పొందిన నాటి సూత్రమే ఇది.

మరి మనం ఏది కొనాలి? పీవీసీ కోటు చవక, నీరు చొరదు. కానీ బరువు, ఉక్కపోత. మడతల దగ్గర పగులుతుంది. పది నిమిషాల దారికైతే చాలు. పీయూ పూత పూసిన నైలాన్, పాలిస్టర్ కోట్లు తేలిక. డిక్కీలో ఇట్టే పడతాయి. కొనేముందు తిరగేసి, కుట్ల మీద టేపు అతికించారో లేదో చూడండి. లేకపోతే సూది రంధ్రాల్లోంచి నీళ్లొస్తాయి. ప్యాంటులో కూర్చునే చోట ఒత్తిడి ఎక్కువ కాబట్టి అక్కడ మరీ ముఖ్యం. గాలాడే పొర ఉన్నవి ఖరీదే అయినా రోజూ దూరం వెళ్లేవారికి మేలు.

నలుపు రంగు వద్దు. వానలో వెనక వచ్చే లారీకి మీరు కనిపించాలి. వేలాడే పోంచోలు చక్రంలో చిక్కుకుంటాయి, బండి మీద వాడొద్దు. తడి కోటును అలాగే మడిచి కుక్కితే పూత పెచ్చులూడుతుంది. నీడలో ఆరేయండి, ఇస్త్రీ చేయొద్దు.

ఒక్కమాట. 2020 అక్టోబరు 13 వానకు సరూర్‌నగర్ చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. అలాంటి రోజున ఏ కోటూ కాపాడదు. 2018 నుంచి ఎల్బీనగర్‌కు మెట్రో ఉంది కదా! ఈసారి మావాడు టేపు చూసి మంచి కోటే కొన్నాడు. అయినా మొన్న ఆకాశం నల్లబడగానే ఫోన్ చేశాడు. ‘బండి ఆఫీసులోనే పెట్టేశా, మెట్రోలో వస్తున్నా పిన్నీ’ అని. హమ్మయ్య అనుకున్నాను.