పొయ్యి మార్చినంత మాత్రాన పొగ పోదు



ఉజ్వల పథకాన్ని 2016లో ఉత్తరప్రదేశ్‌లోని బలియాలో ప్రారంభించటానికి పాలకులు ఎంచుకున్న రోజు మే 1. కార్మిక దినం నాడు పేద స్త్రీకి గ్యాసు పొయ్యి! శుభమే. 2019 నాటికి ఎనిమిది కోట్ల కనెక్షన్లు పూర్తయినవని ప్రకటించారు. ఆ అంకెను మేము కాదనటం లేదు. కనెక్షన్ ఇచ్చిన తరువాత ఆ వంటింట్లో ఏమి జరిగిందన్నదే మా ప్రశ్న.

జవాబు ప్రభుత్వ లెక్కలలోనే ఉన్నది. 2018 డిసెంబరు వరకు గల వివరాలను పరిశీలించిన కాగ్, ఉజ్వల కుటుంబం ఏడాదికి సగటున 3.21 సిలిండర్లు మాత్రమే నింపించుకొంటున్నదని తేల్చింది. సిలిండరు 14.2 కిలోలు. లెక్కకట్టి చూడండి, ఇంటిల్లిపాదికీ కలిపి రోజుకు 125 గ్రాముల గ్యాసు! మిగిలిన వంటంతా కందికట్టె మీద, పత్తికట్టె మీద, సర్కారుతుమ్మ కంప మీద, పిడకల మీద సాగినదే. తరువాతి సంవత్సరాలలో సగటు కొంత పెరిగినమాట నిజమే. అయినా ఊదుగొట్టం మూలన పడలేదు.

దీనికి పట్నపు మేధావులు చెప్పే కారణం ఒక్కటే: పల్లెజనం అలవాటు మానరు, కట్టెల వంటే రుచి అంటారు. ఇంతకంటే అన్యాయమైన మాట లేదు. 2020లో గ్యాసు సబ్సిడీ దాదాపు ఆగిపోయింది. ధర పెరుగుతూ పోయినా ఉజ్వల కుటుంబాలకు 2022 మేలోగాని 200 రూపాయలు దక్కలేదు. 2023 అక్టోబరులో అది 300 అయింది. కూలి దొరికిన రోజునే పొయ్యి వెలిగే ఇంటిలో, సిలిండరు సొమ్ము మొత్తం ఒక్కసారిగా ఎక్కడినుండి రావాలి? కంపకు డబ్బు అక్కరలేదు. దానికి ఆడవాళ్ళ నడుములూ కళ్ళూ చాలు! వంటింటి పొగవల్ల ప్రపంచంలో 2020లో దాదాపు 32 లక్షలమంది అకాలమరణం పాలయ్యారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పసిపిల్లల న్యుమోనియా కూడా ఆ లెక్కలోనిదే.

గ్యాసుకు ముందు పొగలేని పొయ్యిల కథ కూడా ఇదే. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలలో ఎస్.పి. రాజుగారు పొగగొట్టపు పొయ్యిని రూపొందించి, 1953లోనే దానిపై పుస్తకం వెలువరించారు. 1980లలో కేంద్రప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం చేపట్టింది. 2002లో అది ముగిసేనాటికి మూడున్నర కోట్ల పొయ్యిలు పంచినట్లు కాగితాలమీద ఉన్నది. పంచినవన్నీ పనిచేసినట్లు కాదు. ఒడిశా గ్రామాలలో నాలుగేళ్ళపాటు జరిగిన పరిశోధనలో, మొదటి ఏడాది స్త్రీలు పీల్చే పొగ తగ్గింది. ఆ తరువాత ఆ మేలు అడుగంటింది. గొట్టంలో మసి పేరుకున్నది, పొయ్యి బీటలు వారింది, బాగుచేసే దిక్కులేదు.

రైల్వేవారికి ఇది విడమరచి చెప్పవలసిన పనిలేదు. ఆవిరి యంజను గొట్టంనుండి నల్లపొగ లేస్తే ఫైర్‌బాక్స్‌లో గాలి చాలలేదనీ, బొగ్గు వృథా అవుతున్నదనీ మన పాత ఫైర్‌మన్‌లకు కంటిచూపుతోనే తెలిసేది. అందుకు శిక్షణ ఉండేది, షెడ్డు ఉండేది, మసి దులిపే మనిషికి జీతం ఉండేది. పట్టాలు పరచి గ్యాంగ్‌మన్‌లను పెట్టకపోతే బండి ఎన్నాళ్ళు నడుస్తుంది? పల్లె వంటింటికి మాత్రం పరికరం ఒకటి పారవేసి, ఫోటో తీసుకొని వెళ్ళిపోతే చాలునా?

ఊరూరా తిరిగే తపాలా సోదరులు ఇంకొకటి కూడా ఎరుగుదురు. అటకమీద ఖాళీ సిలిండరు, వాకిట్లో మూడు రాళ్ళు. ఇది చూడని గ్రామీణ డాక్ సేవకుడు ఉండడు.

కనుక మేము అడిగేది ఇది. కనెక్షన్ల లెక్క కాదు, ఏటా ఇంటింటికీ చేరిన గ్యాసు లెక్క బయటపెట్టాలి. రీఫిల్ ధర వ్యవసాయ కూలీ దినవేతనానికి అందేటట్లు ఉండాలి. ఐదు కిలోల సిలిండరు ఊళ్ళోనే దొరకాలి. కట్టెపొయ్యి తప్పనిచోట, దానిని మరమ్మతు చేసే మనిషి జీతంమీద పంచాయతీలో ఉండాలి. గౌరవవేతనమనే దొంగపేరు వద్దు.

మన ఇంటి సంగతి కూడా ఒకటున్నది. లైను పనులకు వచ్చిన ఒప్పంద కార్మికుల కుటుంబాలు పట్టాల పక్క గుడారాలలో నేటికీ మూడు రాళ్ళమీదే వండుకొంటున్నవి. క్వార్టర్లలో గ్యాసు వెలిగించుకొనే మనం ఆ పొగను రోజూ దాటి డ్యూటీకి పోతున్నాము. వారి వంటకు ఇంధనం సమకూర్చే బాధ్యతను పని ఒప్పందంలోనే రాయించాలన్న కోర్కెను ప్రతి శాఖా ఈసారి తన కోర్కెల పత్రంలో చేర్చాలి.