అరిగింది సూది, మార్చేది కార్బొరేటరా?

పాత మోటారుసైకిలుకు వైద్యం చేసేవారు ఇప్పుడు అరుదు. కర్మకాండ జరిపించేవారే ఎక్కువ. మైలేజీ పడిపోయిందంటే కార్బొరేటరు మార్చమంటారు. పెట్రోలు కారుతోందన్నా అదే మాట. బండి నిలబెట్టగానే ఇంజను ఆగిపోతోందన్నా అదే మాట. మూడు వేర్వేరు రోగాలకు ఒకే మందు రాసేవాడిని మనం వైద్యుడని పిలవం. మెకానిక్కు విషయంలో మాత్రం తలూపి, డబ్బులిచ్చి ఎందుకు వచ్చేస్తున్నాం?

నా వాదన చిన్నది. కార్బొరేటరు మొత్తంగా అరిగిపోవడం అరుదు; అందులోని మూడు నాలుగు చిన్న భాగాలు అరుగుతాయి. వాటిని గుర్తించి, వాటినే మార్చడం మరమ్మతు. మొత్తం శాల్తీని పారేసి కొత్తది బిగించడం వ్యాపారం. వ్యాపారం చేసుకోవద్దని నేననను. దానికి మరమ్మతని పేరు పెట్టవద్దంటున్నాను.

ఇది సరదారాయుళ్ళ గొడవ కాదు. తెల్లవారుజామున మండపేట నుంచి ఆలమూరు వైపో, రామచంద్రపురం వైపో వెళ్ళి చూడండి. పాలకేన్లు, కూరగాయల మూటలు, కోడిగుడ్ల అట్టలు మోసుకుపోయే బండ్లలో పాతవెన్నో లెక్కపెట్టండి. 1985లో వచ్చిన హీరోహోండా సీడీ 100, 1994లో వచ్చిన స్ప్లెండర్, 1996లో తయారీ ఆగిపోయిన యమహా ఆర్‌ఎక్స్ 100 వంటివి కొందరికి ముచ్చట. ఎక్కువమందికి మాత్రం పాతబండి అంటే బతుకుతెరువు. "ఇంకా ఆ డొక్కు ఎందుకండీ, కొత్తది తీసుకోండి" అని సలహా ఇచ్చే పెద్దమనిషి నెలనెలా వాయిదా తాను కడతాడా?

సరే, అరిగేదేమిటో చూద్దాం. ఈ బండ్ల కార్బొరేటరులో యాక్సిలరేటరు తిప్పినప్పుడు పైకి లేచేది స్లైడు. దానికి వేలాడే సూది, నీడిల్ జెట్టనే ఇత్తడి గొట్టంలో ఆడుతూ ఉంటుంది. సూదికీ గొట్టానికీ మధ్యనున్న సందులోంచే పెట్రోలు పైకి వస్తుంది. మనం ఊళ్ళో తిరిగేటప్పుడు యాక్సిలరేటరు సగం కూడా తిప్పం గనుక, ఏళ్ళ తరబడి ఇంజను అదురుకు ఆ సూది గొట్టంలో దాదాపు ఒకేచోట రాచుకుంటుంది. గుండ్రటి రంధ్రం కోలగా మారుతుంది.

ఆ అరుగుదల ఎంతటిదో లెక్క వేయండి. ఉదాహరణకు సూది మందం 2.50 మి.మీ., రంధ్రం వ్యాసం 2.60 మి.మీ. అనుకుందాం. రంధ్రం 2.62 అయితే చాలు, సందు వైశాల్యం సుమారు 20 శాతం పెరుగుతుంది. అంటే మి.మీ.లో 50వ వంతు అరిగినందుకు ఆ మేరకు పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ప్లగ్గు నల్లబడుతుంది. దీనికి మందు కొత్త సూది, కొత్త నీడిల్ జెట్టు. రెండూ జతగానే వేయాలి. సూది తల దగ్గరి క్లిప్పును ఒక గాడి పైకి జరిపి సూదిని కిందికి దింపితే కొంత సర్దుకుంటుంది, నిజమే. కానీ కొద్దిగా తిప్పినప్పుడు గొట్టంలో ఉండేది సూదిలోని తిన్నని భాగం. అక్కడ సూది ఎంత దిగినా సందు మారదు. క్లిప్పు జరిపి "ట్యూనింగు చేశాం" అనే మాటకు విలువ అంతే.

పెట్రోలు కారడానికి కారణం వేరు. ఫ్లోటుతోపాటు కదిలే చిన్న సూది కొనకు రబ్బరు ఉంటుంది. అది కూర్చుని కూర్చుని గాడి పడుతుంది. వేలిగోటితో తడిమితే తెలుస్తుంది. ఫ్లోటు ఇత్తడిదైతే దానికి చిల్లు పడి ఉండవచ్చు. వేడినీళ్ళలో ముంచండి, బుడగలొస్తే చిల్లే. ఈ కారుడును నిర్లక్ష్యం చేస్తే పెట్రోలు ఇంజనులోకి దిగి, ఫోర్ స్ట్రోకు బండిలో ఆయిలును పలుచన చేస్తుంది. వందలతో పోయే పని అప్పుడు వేలకు వస్తుంది.

మూడోది స్లైడు. దాన్ని అరగదీసేది దుమ్ము. మన ఊళ్ళో రైసుమిల్లుల బాయిలర్లలో ఊక మండుతుంది. ఊక బూడిదలో అధికభాగం సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. చిరిగిన ఎయిర్ ఫిల్టరుతో ఆ గాలిని పీల్చే బండికి స్లైడు నున్నగా ఎలా ఉంటుంది? పక్కలనుంచి దొంగగాలి చొరబడి ఇంజను నిలకడ తప్పుతుంది. ఇక్కడ ఒకమాట ఒప్పుకుంటాను. కొత్త స్లైడు వేసినా లటలటలాడుతుంటే బాడీ అరిగినట్టే. అప్పుడు కార్బొరేటరు మార్చడమే న్యాయం. అయితే ఆ తీర్పు విప్పి చూశాక ఇవ్వాలి, కాలితో స్టాండు వేస్తూనే కాదు.

ఒక మిత్రుని బండికి ఇలాంటి తీర్పే ఇచ్చారు. విప్పించి చూస్తే అరిగింది ఫ్లోటు సూది ఒక్కటే. అది మార్చాక చుక్క కారలేదు. కొత్త కార్బొరేటరు కొని ఉంటే, అది అసలుదో నకిలీదో తేల్చుకోవడం మరో తలనొప్పి.

అలాగని పొదుపు పేరుతో పాపాలు చేసేవారిని సమర్థించను. జెట్టులో ఇనుప తీగ గుచ్చేవారున్నారు. ఇత్తడి మెత్తన. రంధ్రం వ్యాసం 5 శాతం పెరిగితే వైశాల్యం 10 శాతం పెరుగుతుంది. జెట్టు మీద చెక్కిన అంకె ఆ క్షణం నుంచి అబద్ధం. గాలి కొట్టండి, మరీ అవసరమైతే సన్నని రాగితీగ పోగు వాడండి. ఉప్పుకాగితంతో స్లైడును నున్న చేయడం సందును ఇంకా పెంచడమే.

ఇక పెద్దల సంగతి. 2023 ఫిబ్రవరిలో 20 శాతం ఎథనాలు కలిపిన పెట్రోలు అమ్మకం దేశంలో మొదలైంది. 2025కల్లా అదే సర్వత్రా వ్యాపించింది. చెరకు, మొక్కజొన్న, నూకలు దానికి ముడిసరుకు. రైతుకు లాభమంటే సంతోషమే. కానీ ఎథనాలు నీటిని పీల్చుకుంటుంది, పాతకాలపు రబ్బరును ఉబ్బిస్తుంది, కదలకుండా ఉన్న బండి ఫ్లోటు గిన్నెలో తెల్లని పొడి పేరుస్తుంది. ఆ భాగాలు మార్చుకునే ఖర్చు ఎవరిది? పాతబండివాడిదే. అతణ్ణి అడిగినవారెవరు?

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధన వచ్చాక కొత్త మోటారుసైకిళ్ళు ఇంజెక్షన్‌కు మారాయి. కొత్తగా పని నేర్చుకునే కుర్రాడు కార్బొరేటరు విప్పకుండానే మెకానిక్కు కావచ్చు. కానీ 2019లో కొన్న బండికి 15 ఏళ్ళ రిజిస్ట్రేషను 2034 దాకా ఉంటుంది. అప్పటిదాకా ఈ విద్య తెలిసినవారు మిగలాలి. కేంద్రప్రభుత్వం 2022 డిసెంబరు 24న 'మరమ్మతు హక్కు' పేరుతో పోర్టలు ప్రారంభించి, వాహనాలనూ అందులో చేర్చింది. మంచిదే. అయితే విడిగా సూది, జెట్టు దొరకని కొట్టు ముందు నిలబడ్డవాడికి ఆ హక్కు ఏ అరలో ఉందో చూపించాలి.

కనుక మిత్రులారా, ఈసారి "మార్చెయ్యాలండీ" అన్నప్పుడు ఊరుకోకండి. ఏది అరిగిందో చూపించమనండి. విప్పిన భాగాన్ని చేతిలో పెట్టించుకోండి. విప్పి చూసి సరిచేసినవాడికి మాత్రం కూలి దగ్గర బేరమాడకండి. సామానుకు వేలు పోసి, పనితనానికి ఇరవై రూపాయలు గీచిగీచి ఇచ్చే మనమే ఆ పనివాణ్ణి సామాన్ల వ్యాపారిగా మార్చాం.