పడవకు డాంబరు పూసిన కవి ఎక్కడ?

ఈ మధ్య హైదరాబాద్‌లో ఒక కవిత్వ సభలో గంటన్నర కూర్చున్నాను. ఏడుగురు చదివారు. నలుగురి కవితల్లో పడవ ఉంది. ఒకరికి అది జ్ఞాపకం, ఒకరికి అమ్మ, ఒకరికి విడిపోయిన ప్రేయసి, నాలుగో ఆయనకు దేశం. మూడు పడవలు హాయిగా తేలాయి. ఒక్కటి మునిగింది, అదీ కన్నీళ్ల బరువుకే. పలకల సందులోంచి నీళ్లు కారి మునిగిన పడవ ఒక్కటీ లేదు.

నాకు చిరాకేసింది. అందులో కొంత నా మీద కూడా. మూడేళ్ల కింద నేనూ ఒక పడవ కవిత రాశాను, లైకులు బాగానే వచ్చాయి. దాన్ని మా కాకకు చదివి వినిపిస్తే ఆయన అడిగింది ఒక్కటే: "మంచిగనే ఉన్నది బిడ్డా. గని ఆ పడవ ఎవలు తోల్తున్నరు?"

మా కాకది మంథని దగ్గర గోదావరి ఒడ్డు. నాటు పడవ, మద్ది పలకలు, చేపల వేట. ఎండాకాలం నది సన్నబడ్డాక పడవను ఒడ్డుకు లాగి బోర్లిస్తారు. (చలి దేశాల్లో పడవలున్నవాళ్లు చలికాలానికి ఒడ్డుకు తెచ్చి వసంతంలో దింపుతారు. మనకు ఆ చలికాలం పని ఎండాకాలం చేస్తుంది.) అడుగున పట్టిన నాచు గీకాలి. పెచ్చులూడుతున్న పాత డాంబరు తీసేయాలి. పుచ్చిన పలక కనపడితే వడ్లాయన్ని బతిమాలి తెచ్చుకోవాలి. ఆయనకు పట్నపు ఇండ్ల తలుపులూ కిటికీలే గిట్టుబాటు, పడవ పనికి రమ్మంటే "ఆయితారం సూద్దాం" అంటాడు. ఎన్ని ఆయితారాలో! సందుల్లో జనపనార కూరి, ఉలితో కొట్టి, కాగిన డాంబరు పోయాలి. చేతులు కాలతాయి. ఇన్ని రోజులూ పైసా రాదు, పోవుడే.

అసలు గోస ఆ తర్వాత మొదలవుతుంది. చెక్క ఎండితే ముడుచుకుంటుంది, తడిస్తే ఉబ్బుతుంది. ఎండలో ఉన్న చెక్క పడవ దించిన మొదటి రోజు ఎంత బాగా పూసినా కారుతుంది. లోతు లేని చోట రెండు మూడు రోజులు నీళ్లలో ఉంచితే పలకలు ఉబ్బి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అప్పుడు లోపలి నీళ్లు తోడేసి ఎక్కుతారు. అంటే మరమ్మతులో సగమే మనిషిది, మిగతా సగం నది చేయాలి. నది చెప్పిన టైముకు రాకపోతే ఎండకు సందులు మళ్లీ తెరుచుకుంటాయి. పూసిన డాంబరు పగులుతుంది. మే నెలలో పెట్టిన ఖర్చు జూన్ చివరికి బూడిదలో పోసిన పన్నీరు.

ఇదివరకు కూడా నది ఆలస్యంగా వచ్చేది, కాదనను. కానీ 2019 జూన్ 21న మేడిగడ్డ బ్యారేజీ మొదలయ్యాక, మేడిగడ్డ, అన్నారం, సుందిళ్ల మూడింటి వెనకా నీళ్లు నిలబడ్డాయి. మండు వేసవిలో కూడా మంథని దగ్గర నీళ్లు చూసి ఒడ్డు జనం నమ్మారు. కొందరు కొత్త పడవలు చేయించుకున్నారు, అప్పులు తెచ్చే. 2023 అక్టోబర్ 21న మేడిగడ్డలో ఏడో బ్లాక్ పియర్లు కుంగాయి. అన్నారంలో బుంగలు బయటపడ్డాయి. నీళ్లు కిందికి వదిలేశారు. ఆ తర్వాతి ఎండాకాలం మా కాక మామూలుగానే పడవ బాగు చేసుకున్నాడు. దింపడానికి చూస్తే రేవులో ఇసుక. తీరా వానలు పడి నీళ్లొచ్చేసరికి అవి నీళ్లు కావు, వరద. వరదలో పడవ దింపేవాడెవడూ ఉండడు. ఇసుకకూ వరదకూ మధ్య పడవకు పనికొచ్చే నది ఎన్ని రోజులుందో లెక్కపెట్టడానికి వేళ్లు చాలు.

ఇక్కడ నాకు మండే విషయం ఒకటుంది. 2021 డ్యామ్ సేఫ్టీ చట్టం ప్రకారం వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి కట్టడాన్ని తనిఖీ చేయాలి. మేడిగడ్డకు అవి సరిగ్గా జరగలేదనీ, నిర్వహణలో లోపాలున్నాయనీ జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ నివేదికే చెప్పింది. డిజైన్, నాణ్యత గొడవలు వేరే ఉన్నాయి, వాటి మీద చానళ్లలో అరవడానికి మనుషులున్నారు. నేను అడిగేది చిన్నది. చదువురాని మనిషి ప్రతి ఎండాకాలం తన పడవను బోర్లించి ప్రతి సందులో వేలు పెట్టి చూసుకుంటాడు. వేల కోట్ల కట్టడానికి ఆ వేలు పెట్టే మనిషి ఎందుకు కరువయ్యాడు?

ఎందుకంటే ప్రారంభోత్సవానికి ఫొటో ఉంది, మరమ్మతుకు లేదు. చెరువుల్లో చేపపిల్లలు వదిలేటప్పుడు చూడండి, ప్లాస్టిక్ సంచి వంచే చెయ్యికి ఎన్ని కెమెరాలో! ఆ చేపలు పట్టాల్సిన పడవకు డాంబరు పూసేటప్పుడు ఒక్కడూ రాడు.

మనమూ రాం. ప్రభుత్వాన్ని తిట్టడం సులువు, కానీ ఈ విషయంలో మన కవిత్వం కూడా రిబ్బన్ కత్తిరించే బాపతే. మనకు పడవ బయల్దేరడం కావాలి, మునగడం కావాలి. మధ్యలో ఆర్నెల్లకోసారి ఒడ్డున పడుకుని గీకించుకునే పడవ అక్కర్లేదు. మెటఫర్‌కు మెయింటెనెన్స్ ఉండదు కదా అన్నాడొక మిత్రుడు. తెలివైన మాటే. కానీ పడవ గురించి ఏమీ తెలీకుండా దాన్ని వాడుకోవడానికి అదొక లైసెన్స్ అయితే, ఆ మెటఫర్ కూడా కారుతోందని నా అభిప్రాయం. చెక్క ఉబ్బితే గానీ పడవ నిలవదన్న ఒక్క సంగతి తెలిసుంటే ఆ నలుగురిలో ఒకరైనా ఇంకా మంచి కవిత రాసేవారు.

ఇంకొందరున్నారు. వీళ్లు మరీ ప్రమాదం. చెక్క పడవ పోయి ఫైబర్ పడవ వస్తోందని శోకాలు పెడతారు, మట్టివాసన, తాతల విద్య అంటూ. ఫైబర్‌కు పలకల సందులుండవు, ఎండకు ముడుచుకోదు, నీళ్లు ఆలస్యమైనా చెడిపోదు. దానికీ పగుళ్లొస్తాయి, అతుకులు పడతాయి, అది వేరే సంగతి. ఒక మిత్రుడి రీల్ కాకకు చూపించాను. సూర్యాస్తమయం, చెక్క పడవ, వెనక వేణువు.

"కట్టె పడవ మీద ఆయనకు గంత పావురముంటె," అన్నాడు కాక, "ఒక్క ఎండకాలం వచ్చి డాంబరు పుయ్యమను. ఫైబర్‌దానికి పైసల్లేక దీన్తోని పడుతున్న గని, నాకేమన్న మోజా?"

మొన్న ఆదివారం ఫోన్ చేశాను. పడవ వేపచెట్టు కింద ఉంది. సందులు తెరుచుకోకుండా లోపల తడిపిన గోనెసంచులు పరిచి, పొద్దున రెండు బిందెలు, సాయంత్రం రెండు బిందెలు చిన్నమ్మ పోస్తోంది. బోరు నీళ్లు.

"గోదాట్ల నీళ్లొచ్చినయా కాకా?"

"ఇంక లేదురా. అది ఇడిశిపెట్టు. పట్నంల డాంబరు డబ్బ ఎంతకిస్తున్నరో అడిగి చెప్పు. ఇంకోపారి పుయ్యాలె."