బంధుధర్మమును గూర్చి యొక మాట

ఆటిజము గల బిడ్డను పెంచుచున్న యింటికి బంధువులు రెండు వస్తువులను కొదువలేకుండ తెచ్చుచుందురు: సలహా, నింద. ఈ రెండును ఆ యింటివారికి అక్కఱలేదని మా యభిప్రాయము.

నింద మాట ముందు చెప్పుదుము. 1943వ సంవత్సరమున అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను పరీక్షించి యీ స్థితిని వర్ణించెను. పిమ్మట కొన్ని యేండ్లు తల్లిప్రేమ చాలమియే దీనికి కారణమని వైద్యులలోనే పలువురు పలికిరి. అది తప్పని తేలినది. ఇది మెదడు ఎదుగు తీరునకు సంబంధించినదే గాని పెంపకపు లోపము కాదు. టీకాలవలన వచ్చునదియు కాదు. వైద్యులు విడిచిన మాటను మన పెద్దత్తలు, పెదనాన్నలు ఇంకను విడువలేదు. "గారాబము చేసి చెఱచితివి" అనువారు కొందఱు, "ఎవరి పాపఫలమో" అనువారు కొందఱు. పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు ప్రభువు నడిగిన ప్రశ్నయు నిట్టిదే. ఆయన చెప్పిన యుత్తరము మన ఆదివారపు బడి పిల్లలెఱుగుదురు.

ఇక సాయమన నేమి? పెండ్లిని తీసికొందము. బాజాల మ్రోత, క్రొత్తముఖములు, మిఱుమిట్లు గొల్పు దీపములు మనకు వేడుక. అట్టి బిడ్డలలో అనేకులకు దుర్భరము. బిడ్డ చెవులు మూసికొని కేకలు వేయును. తల్లి విస్తరి ముందునుండి లేచిపోవును. మఱుసటి పెండ్లికి వారు రారు. కొన్నాళ్లకు శుభలేఖయు రాదు. ముందుగా తల్లినడిగి, విడిదిలో నొక గదిని నిశ్శబ్దముగా నుంచుట యెంత పని? వాడు పెరుగన్నమే తినునన్న పెరుగన్నమే పెట్టుడు. బుగ్గలు పుణుకవలదు. మాటలు రానివాడు వినలేడనుకొని, వాని యెదుటనే జాలిమాటలాడవలదు.

2016వ సంవత్సరపు చట్టమున ఆటిజమును వైకల్యములలో చేర్చిరి. ధ్రువపత్రమునకై తిరుగునాడు, కాగితములు వ్రాయనేర్చిన మేనమామ తోడుపోవుట మంచిది.

అన్నింటికంటె కావలసినది ఆదివారము నొక గంట వానియొద్ద కూర్చుండువారు. అయితే మొదటి దినముననే తల్లిని పంపివేయరాదు. నాలుగైదు వారములు ఆమె యెదుటనే కూర్చుండి, వాడు దేనిని కోరునో, దేనికి బెదరునో నేర్చుకొనవలెను. వాడు బొంగరము త్రిప్పుచున్న, మాటాడింప యత్నింపక, ప్రక్కన మఱియొక బొంగరము త్రిప్పుడు. వాడు మీకలవాటు పడినపిమ్మట ఆ తల్లి ఆరాధనకు పోయి, ఆఖరి కీర్తనవఱకు కూర్చుండి రాగలదు.

విద్యార్థులారా, అట్టి తమ్ముడో చెల్లెలో గల సహపాఠి యింటికి ఆడుకొన పోవువారు మీలో తక్కువ. ఈ సెలవులలో పొండు. రెండవ బొంగరము మఱువకుడు.