చెవి దిబ్బడ, పారాచూట్ సరదా

ప్రశ్న: మా అబ్బాయి వయస్సు 29. అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. రెండేళ్ళుగా శని, ఆదివారాల్లో విమానం ఎక్కి, పారాచూట్ కట్టుకుని దూకడం అలవాటు చేసుకున్నాడు. ఇప్పటికి 180 సార్లు దూకాడట! పది రోజుల క్రితం జలుబుతో ఉండి కూడా దూకాడు. అప్పటినుంచి ఎడమ చెవి దిబ్బడ వేసి, నీళ్ళలో మునిగి వింటున్నట్లు ఉందంటున్నాడు. డాక్టరుకు చూపించుకోమంటే "అందరికీ వచ్చేదే, అక్కడ చెబితే నవ్వుతారు" అంటాడు. వెల్లుల్లి వేసి కాచిన నూనె వేసుకోమని చెప్పాను. వచ్చే నెల సంక్రాంతికి విమానంలో ఇంటికి వస్తున్నాడు.

ఇక నా సంగతి. దూకిన ప్రతిసారీ "దిగాను" అని ఫోనులో మెసేజి పెడతాడు. అది పది నిమిషాలు ఆలస్యమైతే నాకు గుండెదడ. శనివారం రాత్రి నిద్ర ఉండదు. మొన్న బి.పి. 160/100 ఉందన్నారు. మాత్ర రాసిచ్చారు. అక్కడ చేరేవాళ్ళకు ప్రాణం మీద తీపి ఉండదా? తాగుళ్ళు కూడా ఉంటాయని విన్నాను. వాడిచేత ఈ పిచ్చి మానిపించే మార్గం చెప్పండి.
— ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఇద్దరు రోగులున్నారు. ఒకరు మీ అబ్బాయి, రెండవవారు మీరు. ముందు చెవి సంగతి చూద్దాం. అది వాయిదా వెయ్యదగ్గది కాదు.

మన చెవి లోపలి గదికీ, గొంతు వెనుక భాగానికీ మధ్య ఒక సన్నని గొట్టం ఉంది. దాన్ని యూస్టేషియన్ ట్యూబు అంటారు. కర్ణభేరికి లోపలా బయటా గాలి ఒత్తిడి సమానంగా ఉంచడం దాని పని. పైకి వెళ్ళేటప్పుడు లోపలి గాలి సులువుగా బయటికి పోతుంది. కిందికి వచ్చేటప్పుడే చిక్కు. మింగడమో, దవడ కదిలించడమో చేస్తే గాని గొట్టం తెరుచుకుని గాలి లోపలికి రాదు. జలుబు చేసినప్పుడు ఆ గొట్టం గోడలు వాచి మూసుకుపోతాయి. అప్పుడు బయటి గాలి కర్ణభేరిని లోపలికి నొక్కేస్తుంది. నొప్పి, దిబ్బడ, లోపల నీరు లేక రక్తం చేరడం, ఒక్కోసారి కర్ణభేరి చిరగడం — ఇవన్నీ దాని ఫలితాలు.

ప్రయాణీకుల విమానం కిందికి దిగడానికి ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది. పైగా లోపల గాలి ఒత్తిడి పెంచి ఉంచుతారు. మీ అబ్బాయి ఎక్కే చిన్న విమానంలో ఆ సదుపాయం లేదు. 13,000 అడుగుల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉన్నదానిలో 60 శాతం మాత్రమే. అక్కడినుంచి దూకితే గంటకు 190 కిలోమీటర్ల వేగంతో పడుతూ 5,000 అడుగులకు చేరడానికి దాదాపు 50 సెకన్లు చాలు. ఆరోగ్యంగా ఉన్న చెవికే అది పరీక్ష. జలుబు చేసిన చెవికి అది శిక్ష.

అందువల్ల మీ అబ్బాయి చెయ్యవలసినవి:

1. ఈ వారంలోనే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించుకోవాలి. ఇలాంటివి చాలావరకు కొన్ని రోజుల్లోనో, కొన్ని వారాల్లోనో వాటంతటవే సర్దుకుంటాయి. కాని పది రోజులైనా తగ్గలేదు గనుక చూపించి తీరాలి.

2. కళ్ళు తిరగడం, చెవిలో హోరు, చీము లేక రక్తం కారడం, ముఖం ఒక పక్కకు లాగడం, వినికిడి బాగా తగ్గిపోవడం — వీటిలో ఏది ఉన్నా వారం కూడా ఆగకూడదు. ఆ రోజే వెళ్ళాలి. లోపలి చెవి నరం దెబ్బతింటే మొదటి రోజుల్లో చేసే వైద్యమే పనిచేస్తుంది. ఆలస్యమైతే పోయిన వినికిడి తిరిగి రాకపోవచ్చు.

3. నూనె వద్దు. వెల్లుల్లి నూనె మన ఇళ్ళలో తరాలుగా ఉన్నదే. కాని కర్ణభేరికి చిల్లు పడి ఉంటే ఆ నూనె నేరుగా లోపలికి పోతుంది. డాక్టరు చూడకుండా చెవిలో ఏ చుక్కలూ వెయ్యకూడదు.

4. ముక్కు మూసుకుని గట్టిగా ఊదకూడదు. నెమ్మదిగా మింగడం, ఆవలించడం మంచిది. ముక్కులో కొట్టుకునే మందులు మూడు నాలుగు రోజులకు మించి వాడితే ముక్కు దిబ్బడ తిరగబెడుతుంది.

5. డాక్టరు సరే అనేవరకు దూకడం బందు. సంక్రాంతి ప్రయాణం కూడా డాక్టరును అడిగే చెయ్యాలి. చెవి తెరుచుకుంటే నిక్షేపంగా రావచ్చు. ఇంకా నెల వ్యవధి ఉంది. ఇప్పుడే చూపించుకుంటే అరిసెల వేళకు మీ ముందుంటాడు.

ఇక "అక్కడ చెబితే నవ్వుతారు" అన్న మాట. నాకు చెవికన్నా ఎక్కువ చింత కలిగించింది ఈ మాటే.

కిందటేడు సెలవు పెట్టి లాస్ ఏంజెలెస్ దగ్గర ఉన్న మా మేనకోడలి ఇంటికి వెళ్ళాను. ఒక శనివారం పెరిస్ అనే ఊళ్ళో ఉన్న ఇలాంటి మైదానానికి తీసుకువెళ్ళారు. డ్రాప్ జోన్ అంటారు. సాహసవీరులు మీసాలు మెలివేస్తూ కనపడతారనుకున్నాను. తీరా చూస్తే పెళ్ళి విడిదిలా ఉంది! ఒకరు నేలమీద పరిచిన తివాచీ మీద మోకాళ్ళూని పారాచూట్ మడుస్తున్నారు. నలుగురు చక్రాల పలకల మీద బోర్లా పడుకుని, పైన చెయ్యబోయే విన్యాసాన్ని కిందే అభ్యాసం చేస్తున్నారు. ఒకాయన కుళాయిలు బిగించే పనివాడు, ఒకావిడ నర్సు, ఒకాయన వకీలు. అక్కడ హోదాలు లేవు, పేరు పెట్టి పిలుచుకోవడమే. ఒకరు పరికరాలు కట్టుకోగానే మరొకరు వెనక్కు వచ్చి పిన్నులూ పట్టీలూ తడిమి చూస్తారు. అడగనక్కరలేదు, మొహమాటం లేదు.

నోరు మాత్రం ఊరుకోదు. "బాగున్న విమానంలోంచి ఎందుకు దూకుతారండీ?" అని నేను అడిగితే, "మా విమానం ఎక్కి చూడండి, అది బాగుందో లేదో తెలుస్తుంది" అన్నాడొకడు. ఎవరైనా పొరపాటున "ఇవాళ మొదటిసారి ఇలా చేశాను" అన్నారో, చుట్టూ ఉన్నవాళ్ళంతా "బీరు!" అని కేకేస్తారు. అక్కడి ఆచారం అది. ఏ పని మొదటిసారి చేసినా అందరికీ ఒక పెట్టె బీరు కొనిపెట్టాలి. నూరోసారి దూకినవాడి మొహానికి క్రీము పూసిన పళ్ళెం కొడతారు. మీరు విన్న తాగుళ్ళ కథ ఇదే. ఆ రోజు చివరి విమానం లేచిపోయి, ఇక దూకేవారు లేరన్నాకే ఆ సీసాలు తెరుస్తారు. తాగి దూకడం అమెరికాలో చట్టరీత్యా నిషిద్ధం. అయితే డాక్టరుగా ఒక మాట చేరుస్తాను. శనివారం రాత్రి ఎక్కువైతే ఆదివారం పొద్దున ఆ మత్తూ, నిద్రలేమీ, ఒంట్లో నీరు తగ్గడమూ మూడూ కలిసి విమానం ఎక్కుతాయి.

ఆ రోజు ఒక కుర్రాడు కింద అభ్యాసం చేస్తుంటే నర్సు ఉద్యోగం చేసే ఆవిడ గొంతు గుర్తుపట్టింది. "ఇవాళ నీ ముక్కు మాట్లాడుతోంది, నువ్వు కాదు. ఇక్కడే ఉండు" అంది. అతడు గునిశాడు. మిగతావాళ్ళు వదల్లేదు. సాయంత్రం దాకా నీడలో కూర్చోబెట్టి, దూకి వచ్చినవాళ్ళ వీడియోలు చూసి తప్పులు చెప్పమన్నారు. "జలుబు జడ్జి గారు" అని పేరు పెట్టారు. వెక్కిరించారు గాని, ఫలహారం తెచ్చి అతడికి పెట్టాకే తాము తిన్నారు. వాళ్ళలో ఒక సామెత ఉంది: పైన ఉండి కింద ఉంటే బాగుండునని ఏడవడంకన్నా, కింద ఉండి పైన ఉంటే బాగుండునని నిట్టూర్చడం మేలు.

అమ్మా, వెక్కిరింత రెండు రకాలు. జబ్బుగా ఉన్నవాణ్ణి కిందే కూర్చోబెట్టే వెక్కిరింత ఒకటి. "ఈపాటి దానికేనా" అని పైకి ఎక్కించే వెక్కిరింత రెండవది. మొదటిది మందు, రెండవది విషం. మీ అబ్బాయి స్నేహితులది ఏ రకమో తెలుసుకోవాలి. నిజంగా వాళ్ళు నవ్వుతారా, లేక నవ్వుతారేమోనని ఇతడే దాచుకుంటున్నాడా?

ప్రమాదం లేదని మాత్రం నేను చెప్పను. అమెరికా పారాచూట్ సంఘం లెక్కల్లో 2023లో సుమారు 36.5 లక్షల సార్లు దూకితే 10 మంది చనిపోయారు. ప్రతివారి వీపు మీదా రిజర్వు పారాచూట్ ఉంటుంది. దాన్ని 180 రోజులకొకసారి లైసెన్సు ఉన్న మనిషే విప్పి మడవాలి. మనిషి స్పృహ తప్పినా నిర్ణీత ఎత్తులో రిజర్వును తెరిచే చిన్న యంత్రం ఉంటుంది. జర్మనీలో తయారైన సైప్రెస్ అనే యంత్రం 1991లో వచ్చాక ఎందరో బతికి బయటపడ్డారు. అందుకని పారాచూట్ తెరుచుకోదేమోనన్న భయం ఒక్కటే పెట్టుకోకండి. చక్కగా తెరుచుకున్న పారాచూట్‌తోనే, నేల దగ్గర వేగంగా మలుపు తిప్పి దెబ్బలు తగిలించుకునేవారు చాలామంది. మా ఆస్పత్రికి తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికులు వస్తుంటారు. మడమ విరిగిందని వస్తే నడుము వెన్నుపూస కూడా చూస్తాం. ఆకాశం నుంచి దిగినా, తాటిచెట్టు నుంచి పడినా ఎముక ఒకటే.

180 సార్లు దూకినవాడికి భయం తగ్గుతుంది, అనుభవం ఇంకా చాలదు. 200 దాటితే రెక్కల సూటు తొడుక్కునే అర్హత వస్తుంది. చిన్న పారాచూట్ కొనాలన్న ఆశ కూడా ఈ దశలోనే పుడుతుంది. చిన్నదైనకొద్దీ వేగం ఎక్కువ. కనుక "మానెయ్" అనడానికి బదులు ఈ ప్రశ్నలు అడగండి: నీ పారాచూట్ నీ బరువుకు తగినదని నీ గురువు చెప్పాడా? ఆ యంత్రం పెట్టుకున్నావా? రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయావు? ఈ నెలలో ఎన్నిసార్లు "ఇవాళ వద్దు" అని కిందే ఉన్నావు? చివరి ప్రశ్నకు "ఒక్కసారి కూడా లేదు" అన్నాడంటే గట్టిగా మాట్లాడండి.

ప్రాణం మీద తీపి లేదా అని అడిగారు. వాళ్ళలో నలభై దాటినవారికి ఒక సంఘం, అరవై దాటినవారికి మరొకటి ఉన్నాయి. ముసలితనం వరకు బతకాలని లేనివాడు ఆ సంఘంలో ఎలా చేరతాడు? మాజీ అధ్యక్షుడు పెద్ద బుష్ 2014లో తన 90వ పుట్టినరోజున మరొకరితో జంటగా దూకారు. 2002లో ఉత్తర ధ్రువం మీద దూకి, 2005లో పద్మశ్రీ అందుకున్న రేచల్ థామస్ మన దేశపు మహిళే. మానిపించడం మీ చేతిలోనూ, నా చేతిలోనూ లేదు. మీరు ఒట్టు వేయించుకుంటే మానడు, దాస్తాడు. ఇంట్లో దాచడం అలవాటైనవాడు స్నేహితుల దగ్గర చెవి నొప్పి కూడా దాస్తాడు.

ఇప్పుడు మీ వైద్యం. ఆ మెసేజిలు నేటినుంచి మానిపించండి. దూకిన ప్రతిసారీ ఒక కబురు వస్తుందంటే మీకు ప్రతిసారీ ఒక పరీక్షే. అక్కడ శనివారం పొద్దు కుంకేసరికి మనకు ఆదివారం తెల్లవారుతుంది. రోజుకు ఒకే ఒక్క ఫోను, అందరూ దిగాక, మీ ఆదివారం కాఫీ వేళకు చెయ్యమనండి. శనివారం రాత్రి ఫోను పక్కగదిలో పెట్టి పడుకోండి. నిద్రమాత్రలు వద్దు. బి.పి. మాత్ర మీ అంతట మీరు ఆపకండి. ఐదు నిమిషాలు కూర్చుని, ఉదయంపూట నాలుగైదు రోజులు కొలిపించి, ఆ అంకెలు మీ డాక్టరుకు చూపండి. నిద్రలేని రాత్రి మర్నాటి అంకె ఒక్కటి చాలదు. ఊరగాయ, అప్పడం తగ్గించండి. సాయంత్రం అరగంట నడవండి.

ఈ ఆదివారం ఫోను చేసినప్పుడు మొదట చెవి సంగతే అడగండి. "డాక్టరు దగ్గరికి వెళ్ళి రా, ఆ తర్వాత నీ స్నేహితుల కబుర్లు అన్నీ చెప్పు, వింటాను" అనండి. అన్నమాట ప్రకారం వినండి. అమ్మ వింటుందని తెలిస్తే వాడు చెబుతాడు.