గడియారంతోనే ఆమె పందెం!

సైకిల్ రేసు అనగానే గుర్తొచ్చేది గుంపు. వందమందికి పైగా ఒకరినొకరు రాసుకుంటూ దూసుకుపోతుంటారు. ముందున్నవారి వెనకే తొక్కితే ఎదురుగాలి అంతగా తగలదు, శ్రమ తగ్గుతుంది. జట్టువాళ్లూ సాయపడతారు. 'టైమ్ ట్రయల్'లో ఆ వెసులుబాట్లేవీ ఉండవు. ఒక్కొక్కరినే నిమిషం, నిమిషంన్నర తేడాతో పంపిస్తారు. ఎవరు తక్కువ సమయంలో గమ్యం చేరితే వారే విజేత. ఆ ఒంటరి పోరులో వరసగా మూడు ఒలింపిక్స్‌లలో స్వర్ణం గెలిచిన మహిళ... అమెరికాకు చెందిన క్రిస్టిన్ ఆర్మ్‌స్ట్రాంగ్. (డోపింగ్ చేసి టైటిళ్లు పోగొట్టుకున్న లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కూ ఈమెకూ ఏ చుట్టరికమూ లేదు!)

పరుగు ఆగింది... పెడల్ తిరిగింది

క్రిస్టిన్ మొదట్లో ట్రయాథ్లాన్ క్రీడాకారిణి. ఈత, సైక్లింగ్, పరుగు... మూడూ ఒకదాని వెంట ఒకటి చేయాల్సిన ఆట అది. 2001లో ఆమెకు రెండు తుంటి కీళ్లలోనూ ఆస్టియో ఆర్థరైటిస్ ఉందని తేలింది. సాధారణంగా పెద్ద వయసులో కనిపించే ఆ కీళ్ల అరుగుదల ముప్ఫై నిండకుండానే వచ్చిపడింది. పరుగు మానక తప్పలేదు. కీళ్ల మీద అంత భారం పడనిది సైకిలే కాబట్టి దాన్నే నమ్ముకుంది. అయిదేళ్లు తిరిగేసరికి, 2006లో టైమ్ ట్రయల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది!

ఇంటి దగ్గరే బీజింగ్ దారి

2008 ఒలింపిక్స్ కోసం ఆమె చేసిన కసరత్తు భలే ఆసక్తికరం. 2007 డిసెంబరులోనే బీజింగ్ వెళ్లి, పోటీ జరిగే దారి ఎత్తుపల్లాలన్నీ జీపీఎస్ పరికరంలో నమోదు చేసుకుంది. ఇంటికొచ్చాక ఆ వివరాలను గూగుల్ ఎర్త్‌లోకి ఎక్కించి, తాను ఉండే బోయిసీ పట్టణం చుట్టుపక్కల అచ్చం అలాంటి రోడ్డునే వెతికి పట్టుకుంది. రోజూ దానిమీదే సాధన. ఒలింపిక్స్‌లో 24 సెకన్ల ఆధిక్యంతో బంగారు పతకం!

2009లో రెండోసారి ప్రపంచ టైటిల్ గెలిచి రిటైరైంది. 2010లో బాబు పుట్టాడు. ఆ తర్వాత మళ్లీ సైకిలెక్కింది. లండన్ ఒలింపిక్స్‌కు రెండు నెలల ముందు, 2012 మేలో ఓ రేసులో పడి కాలర్‌బోన్ విరిగింది. అయినా వెనకడుగు వేయలేదు. లండన్‌లో రెండో స్వర్ణం అందుకుని మరోసారి ఆటకు వీడ్కోలు పలికింది.

అయిదున్నర సెకన్లు

2015లో మళ్లీ వచ్చింది. బోయిసీలోని ఆసుపత్రిలో ఉద్యోగం, ఇంట్లో చిన్న పిల్లాడు, వయసేమో నలభై దాటింది. ఈసారి చిక్కు మరోచోట వచ్చింది. రియోకి ఆమెను ఎంపిక చేయడం సరికాదంటూ చోటు దక్కని సైక్లిస్టులు మధ్యవర్తుల దాకా వెళ్లారు. తీర్పు ఆమెకే అనుకూలంగా వచ్చినా... ఎంపిక సరైందేనని నిరూపించాల్సిన భారం ఆమె మీదే పడింది.

2016 ఆగస్టు 10. వర్షానికి రోడ్డంతా తడిసి ముద్దయింది. దాదాపు 30 కిలోమీటర్ల దారి. మధ్యలో ముక్కులోంచి రక్తం కారినా తొక్కుతూనే ఉంది. 44 నిమిషాల 26 సెకన్లలో గీత దాటి, రోడ్డు మీదే కూలబడిపోయింది. రష్యాకు చెందిన ఓల్గా జబెలిన్‌స్కయా కంటే 5.55 సెకన్లు ముందు!

మర్నాడే ఆమెకు 43 నిండాయి. ఒకే సైక్లింగ్ విభాగంలో మూడు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన తొలి వ్యక్తి క్రిస్టినే. వయసు మీద, ఎంపిక మీద ఎన్ని వాదనలైనా చేయొచ్చు. గడియారం మాత్రం ఎవరు ముందొచ్చారన్నదొక్కటే చెబుతుంది.